ఉప్పు కొటార్ల వ్యాసం

మొన్న ఆదివారం పొద్దున మా మనవరాలు నా కాఫీ గ్లాసుతో పాటు ఒక నోటుపుస్తకం కూడా తెచ్చి ఒళ్ళో పెట్టి, చదివి ఎలా ఉందో చెప్పమని ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. దాని తొందర చూడగానే నాకు అనుమానం వచ్చింది. నాకు అనుమానం రావడానికి పెద్ద కారణాలేవీ అక్కర్లేదని ఆత్మకూరులో మా వీధి వీధంతా చెబుతుంది. పాలబ్బాయి పోసిన పాలను గోటి మీద చుక్క వేసి చూస్తాను, కూరగాయల బండి దగ్గర తక్కెడ కిందికి వంగి చూస్తాను, మా ఇంటాయన షుగరు మాత్ర వేసుకున్నానంటే ఖాళీ రేకు చూపించమంటాను. ముప్పై రెండేళ్ళు తెలుగు పంతులమ్మగా పిల్లల పుస్తకాలు దిద్దడం వల్ల ఈ గుణం అంటుకుందో, పుట్టుకతోనే ఉందో నాకే తెలియదు.

మనవరాలు ఎనిమిదో తరగతి. ఈ సెలవుల్లో పిల్లల చేత కథలూ వ్యాసాలూ సొంతంగా రాయించే ఒక తరగతిలో మా కోడలు దాన్ని చేర్పించింది. ఆ తరగతికి గది లేదు, బల్ల లేదు, సుద్దముక్క లేదు. ఎక్కడో కూర్చున్న ఒక టీచరమ్మ ఫోనులో కనిపించి, ఐదు జ్ఞానేంద్రియాలతో రాయండమ్మా, మొదటి వాక్యంతోనే చదివేవాళ్ళను పట్టుకోండమ్మా అని తియ్యగా చెబుతూ ఉంటుంది. నేను పక్క గదిలో చిక్కుడుకాయలు ఒలుస్తూ అంతా వింటూనే ఉంటాను. ఆవిడ చెప్పేవాటిలో తప్పేమీ లేదు. కానీ ఆ ఫోనులోనే ఇంకో మూల, ఏం కావాలో అడిగితే క్షణంలో వ్యాసం అల్లి చేతిలో పెట్టే మాయ కూడా ఉందని నాకు తెలుసు.

పిల్ల రాసింది కలువాయిలో వాళ్ళ అమ్మమ్మగారి నిమ్మతోట గురించి. షెడ్డులో ఆడవాళ్ళు కాయలు ఏరడం, వేళ్ళ సందుల్లో పులుపు మండడం, లారీ వచ్చే వేళకు అందరి మాటలూ ఆగిపోవడం, అన్నీ ఉన్నాయి. అన్నీ బాగున్నాయి. నాకు నచ్చనిది కూడా అదే. మధ్యలో ఒక వాక్యం ఉంది: “కాయ ఇంకా పచ్చగా ఉన్నప్పుడే వాసన పండిపోతుంది.” పదమూడేళ్ళ పిల్ల మాటా ఇది? చివరి వాక్యం మాత్రం పిల్లలు రాసేలాగే, ప్రకృతి మనకు ఎన్నో పాఠాలు నేర్పుతుందనీ మనం ఓపికగా వినాలనీ ముగిసింది. ఇదొక్కటి పిల్ల సొంతమేనని దానికి నా మనసులోనే ఒక టిక్కు పెట్టేశాను. నోటుపుస్తకం మూసి, ఫోను ఇటు తెమ్మన్నాను.

దానికి కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. నవ్వుతున్న ముఖం నవ్వుతున్నట్టే ఉండి, పిల్ల మాత్రం ఎక్కడికో లోపలికి వెళ్ళిపోయింది. ఫోను తెచ్చి నా పక్కన పెట్టింది. అలాంటి ముఖాన్ని నేను అంతకు ముందు ఒక్కసారే చూశాను, అదీ నా ఉద్యోగం మొదలైన ఏడాదిలో. ఆ ఫోనును తాకడానికి నాకు చెయ్యి రాలేదు.

నా మొదటి ఉద్యోగం ఉదయగిరి నుంచి సీతారామపురం వెళ్ళే దారిలో ఒక మెట్ట పల్లె హైస్కూల్లో. మా ఇంటాయనకు ఆత్మకూరులో ఆఫీసు పని కాబట్టి ఆయన ఇక్కడ, నేను ఉదయగిరిలో ఒక అద్దె గదిలో. శనివారం సాయంత్రం బస్సెక్కి రావడం, సోమవారం చీకటితో లేచి పోవడం. ఆ పల్లెకు రోజుకు రెండే బస్సులు, అందులో ఒకటి వచ్చిన రోజు రెండోది రాదు. బడిలో ఏడుగురం ఉండాల్సిన చోట నలుగురం ఉన్నాం. చేరిన మొదటి నెలాఖరున హెడ్మాస్టరు గారు నన్ను పిలిచి, హాజరు పట్టీ నా ముందు పెట్టి, రాని పిల్లల గడుల్లో కూడా వచ్చినట్టు గీతలు పెట్టమన్నారు. పిల్లల లెక్క తగ్గితే ఉన్న నాలుగు పోస్టుల్లో ఒకటి ఎత్తేస్తారట, అది పోతే మిగిలిన పిల్లలకూ చదువు ఉండదట. ఆయన చెడ్డ మనిషి కాదు, సొంత డబ్బుతో సుద్దముక్కలు కొనే మనిషి. నేనూ కాస్త నసిగి, గీతలు పెట్టాను. రెండో నెల నసగలేదు. ఏ బళ్ళో లేదు ఈ అలవాటు అని నాకు నేనే చెప్పుకున్నాను.

మన తరం వాళ్ళకు వ్యాసం అంటే ఏమిటో నేను చెప్పనక్కర్లేదు. గైడులో ఉన్న వ్యాసం కంఠతా పట్టి, పరీక్షలో అక్షరం పొల్లు పోకుండా దింపడమే వ్యాసం. చేరిన కొత్తలో మీరు చేసిన విహారయాత్ర గురించి రాయమంటే, నలభై మంది పిల్లలూ మిత్రబృందంతో కలిసి బస్సులో ఉదయగిరి దుర్గానికి వెళ్ళి, పులిహోర పొట్లాలు తిని, పాటలు పాడుకుంటూ తిరిగి వచ్చారు. ఆ దుర్గం కొండ మా క్లాసు కిటికీలోంచి కనబడుతూనే ఉంటుంది. ఆ పిల్లల్లో సగం మంది దాని మీదికి మేకలను తోలుకుపోయిన వాళ్ళే. అయినా ఒక్కరి వ్యాసంలోనైనా మేక లేదు. నాకు నవ్వొచ్చింది, తర్వాత ఒళ్ళు మండింది.

మా ఇంట్లో అలా కాదు మరి. మా నాయన పొలం నుంచి రాగానే కాళ్ళు కడుక్కుని కూర్చుంటే, మా అవ్వ కంచం ముందు పెట్టి, ఈ పూట ఏం చూసినావో చెప్పమనేది. ఆయన చెప్పేదాకా ఆమెకు తోచేది కాదు. కాలవ గట్టు మీద ముంగిస ఎటు పోయిందో, పక్క చేనాయన ఎవరితో పోట్లాడాడో, అన్నీ కావాలి ఆమెకు. చెప్పడంలో మా నాయన కాస్త ఉప్పూకారం దట్టించేవాడు, అవ్వకు ఆ సంగతి తెలిసీ వినేది. ఆ ఇంట్లో పెరిగిన దాన్ని గనక, పిల్లలు కళ్ళతో చూసింది చేత్తో రాస్తే చాలు, మిగిలిందంతా అదే వస్తుందని నాకు గట్టి నమ్మకం. అందుకని ఆ ఏడు ఆగస్టులో తొమ్మిదో తరగతికి గైడులు ఇళ్ళలో పెట్టి రమ్మని చెప్పి, ఇక నుంచి చూసింది మాత్రమే రాయాలని గట్టిగా చెప్పాను.

దానికి తోడు ఒక అవకాశం కూడా వచ్చింది. ఆత్మకూరులో ఒక పెద్ద రైతు కుటుంబం వాళ్ళు, చనిపోయిన తమ తల్లి పేరు మీద, చుట్టుపక్కల మండలాల తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు వ్యాసరచన పోటీ పెట్టారు. బడికి ఒక పిల్ల. మొదట వచ్చిన పిల్లను ఆత్మకూరు హాస్టల్లో పెట్టి పదో తరగతి చదివిస్తారు, పుస్తకాలూ బట్టలూ వాళ్ళవే. మా పల్లెలో పదో తరగతి పూర్తి చేసిన ఆడపిల్లలను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అందుకని క్లాసులో ఒక వ్యాసం రాయించి, బాగా రాసిన పిల్లను పంపిద్దామనుకున్నాను. “మా ఊరు కాని ఊరు” అని పేరు పెట్టి, ఒక గంట ఇచ్చాను.

మళ్ళీ అందరూ దుర్గం ఎక్కారు. ఒక్క కాగితం తప్ప. అది చివరి వరస పిల్లది. పొట్టిది, నల్లటిది, క్లాసులో అడిగితే తప్ప నోరు తెరవదు. వాళ్ళది బాప్టిస్టు సంఘంలో ఉన్న కూలి కుటుంబం. వాళ్ళ నాయన ఆదివారం ప్రార్థనల్లో ముందుండే మనిషని విన్నాను. ఆ పిల్ల రాసింది సముద్రం పక్క ఉప్పు పండించే కొటార్ల గురించి. కొన్ని వాక్యాలు నాకు ఇప్పటికీ నోటికి వచ్చు.

“మడిలో ఉప్పునీళ్ళు పెట్టినాక ఎవరూ కదిలించకూడదు. కొన్ని రోజులకు పాల మీద మీగడ లాగా కడుతుంది. అక్కడ వాన మబ్బు కనిపిస్తే పెద్దవాళ్ళు తిడతారు. మా ఊళ్ళో వాన మబ్బు కనిపిస్తే దండం పెడతారు. మబ్బు ఒకటే. చేతికి గాయమైతే ఉప్పు ముట్టలేరు, ఆ రోజు పని ఉండదు. అందుకని మా అమ్మ గాయమైతే చెప్పదు. మేము సముద్రం పక్కనే ఉన్నాము కానీ కట్ట అడ్డం కాబట్టి ఆరు రోజులు సముద్రాన్ని చూడలేదు, విన్నాము. ఆదివారం ప్రార్థన అయినాక మా నాయన కట్ట ఎక్కించి చూపించాడు. నేను అనుకున్నంత పెద్దగా లేదు, విన్నప్పుడే పెద్దగా ఉండింది.”

ఇంకో పంతులమ్మ అయితే ఆ కాగితం పట్టుకుని గంతులు వేసి ఉండేది. నేను ఒకటికి మూడుసార్లు చదివి, చివరికి మూతి బిగించాను. రెండు నెలలు నేను నెత్తీనోరూ కొట్టుకుని అడిగింది ఇదే గదా. అది నా చేతికి రాగానే, ఇది ఇలాంటి చోట పుట్టేది కాదని నా లోపలి మనిషి చెప్పింది. మబ్బు ఒకటే అనే మాట తొమ్మిదో తరగతి పిల్లకు ఎలా తోస్తుంది? సముద్రం పక్కన ఉన్నవాళ్ళు ఆరు రోజులు సముద్రాన్ని చూడకపోవడమేమిటి? ఎవరో పెద్దవాళ్ళు కల్పించి రాసిన కథను ఈ పిల్ల ఎత్తి రాసిందని తేల్చుకున్నాను. ఆ మబ్బు వాక్యం పక్కన మార్జినులో ఎర్ర సిరాతో, “ఇది ఎవరు రాసిచ్చారు?” అని రాశాను.

అంతటితో ఊరుకున్నానా? మూడు కంపెనీల గైడులు తిరగేశాను. ఉదయగిరి గ్రంథాలయంలో కూర్చుని పాత వారపత్రికల్లో పిల్లల పేజీలు వెతికాను. ఆ గ్రంథాలయం ఆయన నేను ఏదో పోటీ పరీక్షకు చదువుతున్నాననుకుని ఫ్యాను నా వైపు తిప్పాడు. వాక్యాలు చిన్నచిన్నగా, బైబిలు చదువుతున్నట్టు ఉన్నాయి గనక వాళ్ళ సంఘం పాస్టరు గారి మీదికి పోయింది నా అనుమానం. ఒక శుక్రవారం బడి వదలగానే ఆయన ఇంటికే పోయి, మాటల్లో పెట్టి, మీరేమైనా పిల్లలకు వ్యాసాలు రాసి పెడుతుంటారా అని అడిగాను. ఆయన తన ప్రసంగాలే రాసుకోనని, నిలబడ్డాక ఏది వస్తే అది చెబుతానని నవ్వి, మజ్జిగ ఇచ్చాడు. అక్కడ కూడా దొరకలేదని నాకు విసుగు పుట్టింది గాని, దొరకకపోవడానికి అసలు దొంగతనమే లేకపోవడం కూడా ఒక కారణం కావచ్చని ఒక్క క్షణం కూడా తట్టలేదు.

చివరికి ఒక మధ్యాహ్నం ఆ పిల్లను హెడ్మాస్టరు గారి గదిలోకి పిలిపించాను. ఆయన తన కుర్చీలో ఏదో కాగితాలు చూసుకుంటున్నారు. కొటార్లు ఎప్పుడు చూశావని అడిగాను. పోయిన ఏడు ఉగాదికి ముందు నుంచి ఎండలు ముదిరేదాకా నాయనా అమ్మా అవ్వా అందరం అక్కడే ఉన్నామని చెప్పింది. నేను ఆ మాట కోసమే కాచుకుని ఉన్నాను. బీరువాలోంచి పోయిన ఏటి హాజరు పట్టీ తీసి, వాళ్ళ క్లాసు పుట తెరిచి, ఆ పిల్ల పేరు మీద వేలు పెట్టి, ఫిబ్రవరి మొదలు ఏప్రిల్ దాకా ఆ వరస మీద వేలు జరుపుతూ పోయాను. అన్నీ గీతలే. ఒక్క రోజు కూడా నాగా లేదు.

“బళ్ళో ఉన్న పిల్లవు కొటార్లకు ఎప్పుడు పోయినావు?” అని అడిగాను.

ఆ పిల్ల పట్టీ వంక చూసింది. తర్వాత హెడ్మాస్టరు గారి వంక చూసింది. ఆయన తల ఎత్తలేదు. అప్పుడే ఆ పిల్ల ముఖం నేను చెప్పినట్టు అయింది, మనిషి నా ఎదురుగానే ఉండి లోపలికి వెళ్ళిపోయింది. ఎన్నిసార్లు అడిగినా మళ్ళీ నోరు విప్పలేదు. పట్టుబడిన వాళ్ళు మాట్లాడరని నాకు అప్పటికి అనుభవం లేకపోయినా నమ్మకం మాత్రం ఉండేది. కాగితం తిరిగి ఇవ్వకుండా, సాక్ష్యంగా ఉంటుందని నా సంచిలో పెట్టుకున్నాను.

పోటీకి మొదటి వరసలో కూర్చునే ఒక పిల్లను పంపించాం. ముత్యాల్లాంటి రాత, గైడు మొత్తం కంఠతా. నేనే వెంట తీసుకుపోయాను. దాదాపు వంద మంది ఆడపిల్లలు ఒక హాల్లో వంగి రాస్తుంటే, వంద మందీ ఒకే వ్యాసం రాస్తున్నారని నాకు తెలుస్తూనే ఉంది. మా పిల్లకు ఒక స్టీలు టిఫిన్ డబ్బా వచ్చింది, హాస్టలు చోటు కావలి వైపు నుంచి వచ్చిన ఇంకో పిల్లకు పోయింది. ఇచ్చే ముందు పోటీ పెట్టిన ఇంటి పెద్దాయన మైకులో, మా అమ్మకు చదువు రాదు గానీ చూసింది చూసినట్టు చెప్పేది, అలాంటి వ్యాసం ఒక్కటైనా వస్తుందని ఆశపడ్డాను అన్నారు. నేను కూడా అందరితో పాటు చప్పట్లు కొట్టాను.

ఫిబ్రవరిలో ఒక సోమవారం చివరి వరస ఖాళీగా ఉంది. మంగళవారం కూడా. ఆ వారం గడిచింది, పై వారమూ గడిచింది. నెలాఖరున హాజరు పట్టీ ముందు పెట్టుకుని, అలవాటు కొద్దీ ఖాళీ గడులు నింపుకుంటూ పోతూ, ఆ పిల్ల వరస దగ్గరికి వచ్చేసరికి, దీనికి జ్వరమేమైనా వచ్చిందా, కనబడటం లేదు అని పక్కనున్న హెడ్మాస్టరు గారిని అడిగాను.

“ఉప్పుకు పోయినారమ్మా. ఏటా పోయేదే” అన్నారాయన. “గీతలు పెట్టేయ్. ఆబ్సెంట్లు పడితే పరీక్షకు కూర్చోనియ్యరు పిల్లని.”

నా పెన్ను అప్పటికే మూడు గీతలు గీసి ఉంది. నాలుగోది సగంలో ఆగింది. ఆ సగం గీత వంక ఎంతసేపు చూశానో నాకు తెలియదు. ప్రతి నెలా నా చేత్తో నేను అబద్ధం రాస్తూ, అలాంటి అబద్ధమే ఇంకొకరు రాసిన పుట తెరిచి, అది పట్టుకుని ఒక పిల్లను దొంగను చేశాను. పాలను నమ్మను, తక్కెడను నమ్మను, మొగుణ్ణి నమ్మను, ఆ పిల్లను నమ్మలేదు. ఈ భూమ్మీద నేను నమ్మింది ఒక్క ఆ హాజరు పట్టీని. అది ఎలా తయారవుతుందో నాకంటే బాగా తెలిసినవాళ్ళు ఎవరుంటారు?

మరి ఆ రోజు మీరెందుకు చెప్పలేదని ఆయన మీద విరుచుకుపడ్డాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. “ఏం చెప్పేది తల్లీ, ఆ గీతలు నావి” అన్నారు. తనిఖీకి ఎవరొచ్చి అడిగినా బడికి రోజూ వచ్చినామనే చెప్పాలని పిల్లలందరికీ తానే నేర్పి ఉన్నానని కూడా చెప్పారు. ఆ పిల్ల ఆ రోజు నోరు మూసుకుంది దొంగతనం చేసి కాదు, మా ఇద్దరి పరువూ కాపాడడానికి. ఆయన ఉద్యోగం, నా ఉద్యోగం, బడిలో మిగిలిన పిల్లల చదువు, అన్నీ ఆ పిల్ల నోట్లో ఉన్నాయి, ఆమె మింగేసింది. నాకు అక్కడే ఏడుపొచ్చింది, కానీ ఏడవడానికి కూడా సిగ్గేసింది.

తర్వాత నేను చేసింది వింటే నవ్వుతారు. సగంలో ఆగిన గీతను పూర్తి చేశాను. చెయ్యకపోతే పిల్ల పరీక్షకు కూర్చోలేదు గదా. మార్చి అంతా, ఏప్రిల్ సగం దాకా, ఆ పిల్ల పేరు ఎదురుగా రోజుకొక గీత చొప్పున నేనే పెట్టాను, నెలాఖరు దాకా ఆగకుండా ఏ రోజుది ఆ రోజే. ఒక్కో గీత పెట్టేటప్పుడు, ఈ పాటికి మడిలో మీగడ కట్టి ఉంటుందా, వాళ్ళమ్మ చేతికి ఏమైనా గాయమైందా అనుకునేదాన్ని.

పరీక్షలకు రెండు రోజుల ముందు పిల్ల వచ్చింది. మడమలు పగిలి, జుట్టు ఎర్రబారి, ఇంకాస్త పొట్టిదైనట్టు కనిపించింది. మన కాలంలో పంతుళ్ళు పిల్లలకు క్షమాపణ చెప్పుకునేవాళ్ళు కాదు, నాకు ఆ మాట నోటికి రాలేదు. దాని బదులు, అందరూ వెళ్ళాక ఆపి, నువ్వు కొటార్ల గురించి రాసింది నాకు చాలా నచ్చింది, ఈసారి ఇంకా చూసినవి రాసుకురా, నేను దాచిపెడతాను అన్నాను. ఎంత అతితెలివి చూడండి, తప్పు చేశానని చెప్పకుండా తప్పు దిద్దుకుందామని.

ఆ పిల్ల నెమ్మదిగా, మర్యాదగా చెప్పింది: “గైడులో ఉండేదే రాస్తాను టీచర్. దాన్ని ఎవురూ అడగరు.”

చెప్పినట్టే చేసింది. ఆ పరీక్షలో మిత్రబృందంతో బస్సులో దుర్గానికి పోయి, పులిహోర తిని వచ్చింది. అక్షరం పొల్లు పోలేదు. ఇరవైకి పదిహేడు వేశాను, ఎందుకు తక్కువ వెయ్యాలో కారణం దొరక్క. మరుసటి ఏడు పదో తరగతి పరీక్షలకు వాళ్ళు కొటార్ల నుంచి టైముకు తిరిగి రాలేదు. ఆత్మకూరు హాస్టల్లో ఉండి ఉంటే పరీక్ష హాలు నడిచిపోయేంత దూరం. తర్వాత ఆ పిల్లను జలదంకి వైపు ఎక్కడో ఇచ్చి పెళ్ళి చేశారని విన్నాను. పదేళ్ళకు నాకు జలదంకి బదిలీ అయితే, చేరిన మొదటి వారమే అక్కడి బాప్టిస్టు సంఘం వాళ్ళను ఇద్దరు ముగ్గురిని అడిగాను. ఆ పోలికల మనిషి ఎవరికీ తెలియలేదు.

అప్పటి నుంచి నా పద్ధతి మార్చుకున్నాను. పిల్లల చేత ముందు రాయించడం మానేసి, ముందు చెప్పించేదాన్ని, మా అవ్వ కంచం ముందు మా నాయన చేత చెప్పించినట్టు. ఆ సంగతి చూడని ఇంకో పిల్లను ఎదురుగా కూర్చోబెట్టి వినమనేదాన్ని. వినే పిల్ల ఎక్కడ ఆపి, ఆ తర్వాత ఏమైంది అని అడిగితే, అక్కడ చెప్పిన జవాబు తప్పకుండా కాగితంలోకి రావాలి, అంతే నేను పెట్టిన షరతు. చెరువు పూడిక తీసేచోట దొరికిన రాగి చెంబు గురించి ఒకడు, అక్క కాన్పుకు బస్సు దొరక్క ట్రాక్టరులో పోవడం గురించి ఒకతె, ఎన్ని రాశారో చెప్పలేను. అన్నీ గొప్పగా లేవు. నేను అడగడం మాత్రం నేర్చుకున్నాను. ఎక్కడిది అని కాకుండా, ఎలా ఉండింది అని. రెండు ప్రశ్నలూ పిల్ల చెవికి ఒకేలా వినబడవు, ఆ సంగతి నాకు తెలియడానికి ఒక పిల్ల చదువు ఖర్చయింది.

ఇంత నేర్చుకున్నదాన్ని మొన్న పొద్దున మళ్ళీ ఫోను తెమ్మన్నాను చూశారా, అదీ సంగతి. గుణం ఎక్కడికి పోతుంది.

చల్లారిన కాఫీ పక్కన పెట్టి, ఫోనును మనవరాలి వైపే జరిపి, ఆ నిమ్మ షెడ్డులో వాసన ఎప్పుడు ఎక్కువగా ఉంటుందే అని అడిగాను. కాసేపు నా ముఖం వంక చూసింది, ఇదేదో కొత్త ఉచ్చేమోనని. తర్వాత నెమ్మదిగా, గోతాలు తడిపినప్పుడని చెప్పింది. కాయలు కిందే ఉంటాయట, ఇంకా పచ్చిగానే ఉంటాయట, తడిగోతం కప్పగానే గుప్పున పండిన వాసన వస్తుందట, అమ్మమ్మ మొదట అటు తిరిగి ముక్కు ఎగబీల్చి, తర్వాతే ఏరడానికి కూర్చుంటుందట. చెబుతూ చెబుతూ తన ముక్కు కూడా ఎగబీల్చింది. ఇంకో రెండు అడిగాను, నిజంగానే తెలుసుకోవాలనిపించి. అన్నీ అయ్యాక తనంతట తానే తల వంచుకుని, చివరి వాక్యం ఒక్కటి నాది కాదు నానమ్మా, ఎలా ముగించాలో తెలియక ఫోనును అడిగినాను అంది. నేను మనసులో టిక్కు పెట్టింది దానికే మరి. ముప్పై రెండేళ్ళు పుస్తకాలు దిద్దిన కళ్ళు నావి!

లోపలికి పోయి, నా సర్టిఫికెట్ల కవరులోంచి ఆ కాగితం తీసి తెచ్చాను. ఇన్నేళ్ళలో ఎవరికీ చూపించలేదు, మా ఇంటాయనకు కూడా. మడతల దగ్గర చిరుగుతోంది. మనవరాలు రెండు చేతులతో పట్టుకుని, పెదవులు కదుపుతూ చదివింది. మబ్బు దగ్గర ఆగింది, వాళ్ళమ్మ గాయం దగ్గర ఆగింది, సముద్రం దగ్గర చాలాసేపు ఆగింది. చదివి, తల ఎత్తి, నన్ను అనుమానంగా చూసి, “ఇది నిజంగా నా అంత పిల్ల రాసిందా నానమ్మా? ఎక్కడి నుంచైనా తీసిందేమో” అంది.

ఏం చెప్పమంటారు? నా రక్తమే గదా. రాసింది ఆ పిల్లేనని చెప్పాను, ఎలా తెలుసని అడిగితే ఆ హాజరు పట్టీ సంగతంతా మొదటి నుంచి చెప్పాను. అప్పుడు చెప్పలేకపోయిన ఆ క్షమాపణను ఇన్నేళ్ళకు, అడగాల్సిన పిల్లను కాకుండా ఇంకో పిల్లను అడిగినట్టయింది. అది విని, నోటుపుస్తకం తెరిచి ప్రకృతి పాఠాల వాక్యాన్ని కొట్టేసింది.

ఆ రోజుల్లో పిల్లలు దొంగిలించడానికి ఒక్క గైడు ఉండేది, ఇప్పుడు ప్రతి చేతిలోనూ లోకమంతా ఉంది. నేను పని చేసిన ఆ బడికి ఇప్పుడు మేడ వచ్చిందట, హాజరు కూడా ఫోనులోనే వేస్తారట, గీతల అవసరమే లేదట. అన్నీ మారాయి, పిల్ల ఒక మంచి మాట రాస్తే ముందుగా మన నోటికి వచ్చే ప్రశ్న తప్ప. ఆ కాగితాన్ని మళ్ళీ కవరులో పెట్టబోతూ కిటికీ వెలుతురులో చూశాను. ఆ పిల్ల నీలం సిరా వెలిసిపోయి, కొన్నిచోట్ల అక్షరాలు నాకు నోటికి వచ్చు కాబట్టే కనబడుతున్నాయి. మార్జినులో నేను ఎర్ర సిరాతో రాసింది మాత్రం నిన్ననే రాసినట్టుంది.